జవాబు కూడా చేతులతోనే ఇవ్వగలగాలి

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. వాడూ వాడి స్నేహితులూ రోజంతా సైన్ లాంగ్వేజ్ వీడియోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంపుకుంటారు. ఒకరు ఆధార్‌లో అడ్రస్ ఎలా మార్పించుకోవాలో చెబుతారు, ఇంకొకరు ఉద్యోగం కబురు పెడతారు, మరొకరు జోకులు. వారం తిరిగేసరికి ఏది ఎక్కడుందో ఎవరికీ దొరకదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో సంజ్ఞా భాష వాడేవాళ్లందరికీ ఒక వీడియో వెబ్‌సైటు కట్టాలనుకుంటున్నాను. యూట్యూబ్ లాంటిదే, కానీ వాళ్లది. కోడింగ్ నేనూ ఇద్దరు కొలీగ్స్ కలిసి చేస్తాం. సొంత సర్వర్ పెట్టుకోవాలా? ఖర్చు ఎలా లెక్కవేసుకోవాలి? అన్ని వీడియోలకూ తెలుగు సబ్‌టైటిల్స్ తప్పనిసరి చేయాలా? సంజ్ఞల్ని ఏఐతో తెలుగులోకి మార్చే సౌకర్యం పెట్టమని మా మేనేజర్ అంటున్నారు. తమ్ముడిని అడిగితే మాత్రం "చూద్దాం" అంటున్నాడు, అంతే.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: మీరు అడిగిన ప్రశ్నలన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచింది మీ తమ్ముడి "చూద్దాం". ఈ సైటును రోజూ వాడాల్సింది అతను. అతనికి ఉత్సాహం కలగలేదంటే కారణం ఉంటుంది. కోడ్ మొదలుపెట్టకముందే అతన్నీ, అతని స్నేహితుల్లో నలుగురైదుగురినీ పిలిచి ఆ కారణం తెలుసుకోండి. ఇంట్లో మీరూ తమ్ముడూ వాడుకునే సైగలు వేరు, స్నేహితుల మధ్య అతను మాట్లాడే సంజ్ఞా భాష వేరు కావచ్చు. వాళ్ల మాటల వేగం మీకు అందకపోతే ఒక ఇంటర్‌ప్రెటర్‌ను పిలుచుకుని, ఆ సమయానికి ఫీజు ఇవ్వండి. ఆ ఫీజు మీ ప్రాజెక్టులో మొదటి ఖర్చు కావాలి, సర్వర్ బిల్లు కన్నా ముందే.

నా ఊహ ఒకటి చెబుతాను. "యూట్యూబ్ లాంటిదే" అని రాశారు. యూట్యూబ్‌లో వీడియో ఒక్కటే వీడియో, మిగతాదంతా అక్షరాలే. పేరు, వివరణ, వెతికే చోటు, కామెంట్లు, సెట్టింగులు, నిబంధనలు, పాస్‌వర్డ్ మర్చిపోతే వచ్చే మెయిలు, అన్నీ చదవాల్సినవే. పుట్టుకతో వినపడని చాలామందికి తెలుగైనా ఇంగ్లిషైనా రెండో భాష. చెవిన పడకుండా పుస్తకంలోంచి మాత్రమే నేర్చుకున్న భాష. దానికి తోడు బధిరుల బడుల్లో చాలాకాలం సంజ్ఞల్ని పక్కన పెట్టి, పెదవుల కదలిక చూసి నోటితో పలికించడం మీదే పట్టుబట్టారు. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యావేత్తల మహాసభ సంజ్ఞల్ని తరగతి గదుల్లోంచి తొలగించాలని తీర్మానించింది. ఆ తీర్మానాలను తోసిపుచ్చి, జరిగిన హానికి విచారం తెలపడానికి అదే పరంపరలోని మహాసభకు 2010 దాకా పట్టింది, అదీ వాంకూవర్‌లో. ఆ మధ్యకాలంలో ఎన్నో దేశాల్లో పిల్లలు తమకు సహజంగా అందే భాషలో చదువుకోలేకపోయారు. అందువల్ల చేతులతో గంటసేపు కథ చెప్పగల మనిషి కూడా రెండు పంక్తుల తెలుగు కామెంటు రాయడానికి తటపటాయించవచ్చు. అలాంటి మనిషి ముందు మళ్లీ అక్షరాలతో నిండిన సైటే పెడితే "చూద్దాం" అనే అంటాడు.

మీ తమ్ముడివాళ్లు వాట్సాప్‌ను వదలకపోవడానికి కారణం అక్కడ వీడియో బాగా కనపడుతుందని కాదు. అక్కడ ఒకరు చేతులతో అడిగితే ఇంకొకరు చేతులతో జవాబిస్తారు. మీ సైటులో అది లేకపోతే వాళ్లు రారు, వచ్చినా చూసి వెళ్లిపోతారు. కాబట్టి మీరు శ్రమపడి కొత్తగా కట్టాల్సింది నా దృష్టిలో ఇదొక్కటే: వీడియోకు వీడియోతో జవాబు. మిగతా హంగులన్నీ ఎక్కడో ఒకచోట తయారుగా దొరుకుతాయి.

దీన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మంచి చెడ్డలన్నీ ఇక్కడే తేలతాయి. ప్రతి వీడియో కింద ఒక కెమెరా బొమ్మ ఉండాలి. నొక్కగానే అదే పేజీలో ఫోన్ ముందు కెమెరా తెరుచుకోవాలి. ఏ మాటకు జవాబిస్తున్నామో మళ్లీ చూసుకోవడానికి అవతలి మనిషి వీడియో ఒక మూల చిన్నగా ఉండాలి. తెర మీద మూడు, రెండు, ఒకటి అని అంకెలు కనపడ్డాకే రికార్డింగ్ మొదలవ్వాలి. బటన్ నొక్కిన చెయ్యి వెనక్కి వచ్చి మాట్లాడే చోటికి చేరడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆపడానికి మళ్లీ చెయ్యి తెర మీదికి వస్తుంది కాబట్టి చివరి ముక్కను కత్తిరించే వీలు ఉండాలి. ముందు కెమెరా మనల్ని అద్దంలో లాగా తిప్పి చూపిస్తుంది. తీసేటప్పుడు అలా కనపడినా ఫర్వాలేదు, సర్వర్‌కు మాత్రం అసలు దిక్కులోనే చేరాలి. లేకపోతే కుడిచేతివాటం మనిషి ఎడమచేతివాటం అయిపోతాడు, వెనక గోడమీది అక్షరాలు తిరగబడతాయి.

సాంకేతికంగా ఇవేవీ కష్టం కావు, మీకు తెలిసినవే. బ్రౌజర్‌లో కెమెరా తెరుచుకోవాలంటే హెచ్‌టీటీపీఎస్ (సురక్షితమైన వెబ్ చిరునామా) తప్పదు. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ రికార్డు చేసింది వెబ్‌ఎమ్ అనే రకం ఫైలుగా రావచ్చు, ఐఫోన్ గ్యాలరీలోంచి ఎక్కించింది హెచ్‌ఈవీసీ అనే ఇంకో రకంగా రావచ్చు. రెండిటినీ సర్వర్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాధనంతో హెచ్.264 ఎంపీ4గా మార్చుకుంటే పాత ఫోన్లలో కూడా ఆడుతుంది. వీడియో ట్యాగ్‌లో ప్లేస్‌ఇన్‌లైన్ అనే మాట పెట్టడం మరవకండి. అది లేకపోతే ఐఫోన్‌లో ప్రతి వీడియో తెర మొత్తం ఆక్రమించి మీ జవాబు బటన్‌ను కనపడకుండా చేస్తుంది.

పేర్ల విషయంలో కూడా అక్షరాలను తప్పనిసరి చేయొద్దు. వీడియో పెట్టేవాళ్లను రెండు మూడు సెకన్ల శీర్షిక ఒకటి సంజ్ఞల్లోనే చేయమనండి. జాబితాలో వేలు ఆనించినప్పుడు ఆ చిన్న ముక్క కదలాలి. వేలు ఆనించినది మాత్రమే కదలాలి, పేజీలో పది వీడియోలు ఒకేసారి చేతులాడిస్తే కన్ను దేనిమీదా నిలవదు. సాయం పేజీ, నిబంధనలు, ఫిర్యాదు పద్ధతి, అన్నిటికీ సంజ్ఞల వీడియో ఉండాలి. లాగిన్‌కు ఎస్ఎంఎస్ ఓటీపీ చాలు, ఫోన్ కాల్‌లో చదివి వినిపించే ఓటీపీ పొరపాటున కూడా పెట్టకండి. హెల్ప్‌లైన్ పెట్టాలనుకుంటే వాట్సాప్ వీడియో కాల్ పెట్టండి, అవతల సైన్ తెలిసినవాళ్లు ఉండాలి.

వెతకడం గురించి ఒక పాత సంగతి మీకు పనికొస్తుంది. అమెరికాలో బధిరుల కోసం నడిచే గాలడెట్ కాలేజీలో పనిచేసిన విలియం స్టోకీ 1960లో సంజ్ఞల నిర్మాణం మీద అధ్యయనం ప్రచురించారు. తర్వాత ఇద్దరు బధిర సహోద్యోగులతో కలిసి 1965లో నిఘంటువు తెచ్చారు. అందులో సంజ్ఞల్ని ఇంగ్లిష్ మాటల అకారాది క్రమంలో పేర్చలేదు. చేతి ఆకారం ఏమిటి, శరీరంలో ఏ చోట చేస్తారు, ఎలా కదులుతుంది అన్నవాటిని బట్టి పేర్చారు. మీ సైటులో కూడా టైపు చేసే పెట్టె పక్కన బొమ్మలతో ఈ దారి పెట్టండి. పిడికిలా, చూపుడువేలా, తెరిచిన అరచెయ్యా? నుదుటి దగ్గరా, గడ్డం దగ్గరా, ఛాతీ దగ్గరా? ఒక చెయ్యా, రెండు చేతులా? మూడు నొక్కులతో జాబితా చిన్నదైపోతుంది. ఇది పదాల వీడియోలకే సరిపోతుంది. పొడవైన సంభాషణలకు ఉద్యోగం, ఆస్పత్రి, చదువు, పెళ్లి, ఆటలు అనే బొమ్మల గుర్తులు చాలు.

ఇక వీడియో నాణ్యత. సాఫ్ట్‌వేర్ వాళ్లం వెంటనే చిత్రం సైజు గురించి, 1080పీ, 4కే అని ఆలోచిస్తాం. సంజ్ఞలకు అంతకన్నా ముఖ్యం సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని విడి చిత్రాలు, అన్నది. వేళ్లతో స్పెల్లింగ్ చెప్పేటప్పుడు చేతులు ఎంత వేగంగా తిరుగుతాయో మీరు ఇంట్లో చూసే ఉంటారు. ఐరోపా సమాఖ్యలో వాడే ఈఎన్ 301 549 అనే ప్రమాణం సంజ్ఞలతో సాగే వీడియో కాల్‌కు సెకనుకు కనీసం 20 ఫ్రేములు ఉండాలనీ, 30 ఉంటే మేలనీ చెబుతుంది. రిజల్యూషన్ మాత్రం 640×480 ఉంటే బాగున్నట్టే లెక్క. మీరు కూడా 480పీని మామూలుగా, 720పీని అడిగితే ఇచ్చేదిగా పెట్టి, రెండిట్లోనూ 30 ఫ్రేములు తగ్గనివ్వకండి. నెట్ నెమ్మదిస్తే చిత్రం సైజు తగ్గాలి గానీ ఫ్రేములు తగ్గకూడదు.

ఫ్రేములు పడిపోవడానికి నెట్ కన్నా ముందు వెలుతురు కారణం. గదిలో వెలుగు తక్కువైతే ఫోన్ కెమెరా ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. దాంతో కదిలే చేతులు అలుక్కుపోయి వేళ్లు మాయమవుతాయి. ట్యూబ్‌లైటు వెనక ఉంచుకుని మంచంమీద కూర్చుని తీసిన వీడియోను ఏ సర్వరూ బాగుచేయలేదు. అందుకని రికార్డు పేజీలోనే ఒక చిన్న వీడియోతో చూపించండి: కిటికీ ఎదురుగా నిలబడాలి, తల పైనుంచి నడుము దాకా, మోచేతులు బయటికి పోకుండా ఫ్రేములో ఉండాలి, గళ్లచొక్కా బదులు ఒకే రంగు బట్ట, అదీ ఒంటి రంగులో కలిసిపోనిది. ఫోన్‌ను చేత్తో పట్టుకుంటే ఒంటిచేత్తోనే మాట్లాడాల్సి వస్తుంది, కాబట్టి ఏ డబ్బాకో ఆనించి పెట్టుకోవాలి. భారతీయ సంజ్ఞా భాషలో ఇంగ్లిష్ అక్షరాలు చూపడానికి రెండు చేతులూ కావాలి మరి.

సంజ్ఞల వీడియో చూసేవాళ్ల చూపు ఎక్కడ నిలుస్తుందో కొలిచిన పరిశోధనలు ఉన్నాయి. చూపు ఎక్కువసేపు మాట్లాడేవారి ముఖం మీదే ఉంటుంది, చేతుల కదలికను కంటి అంచుతో పట్టుకుంటారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు మొబైల్‌ఏఎస్ఎల్ (ఏఎస్ఎల్ అంటే అమెరికన్ సంజ్ఞా భాష) ప్రాజెక్టులో నెమ్మదైన నెట్‌వర్క్ మీద కూడా సంజ్ఞలు అర్థమయ్యేలా పంపడానికి ఈ సంగతినే వాడుకుని, ముఖానికీ చేతులకూ ఎక్కువ నాణ్యత కేటాయించారు. మీరు అంత దూరం పోనక్కర్లేదు. కానీ ప్లేయర్ బటన్లు, లోగో, సబ్‌టైటిల్స్ ఏవీ ముఖం మీదగానీ చేతుల మీదగానీ పడకూడదు. సబ్‌టైటిల్స్‌ను వీడియో మీద కాకుండా దాని కింద వేరే పట్టీలో పెట్టండి. వేగం సగానికి తగ్గించే బటన్, ఒక ముక్కను మళ్లీ మళ్లీ తిప్పే బటన్ పైకి కనపడేలా ఉంచండి. పిల్లలకు సంజ్ఞలు నేర్పుకునే తల్లిదండ్రులు ఎక్కువగా వాడేవి అవే.

శబ్దం సంగతి మీలాంటి వినికిడి ఉన్న మనిషి ఇంట్లో ఉంటేనే పట్టుకోగలరు. వినపడని మనిషి వీడియో తీసేటప్పుడు వెనక ఎవరు ఏం మాట్లాడుతున్నారో అతనికి తెలియదు. ఇంట్లో గొడవ, ఎవరిదో ఫోన్ సంభాషణ, బ్యాంకు వివరాలు చదువుతున్న గొంతు, అన్నీ రికార్డయి ఊరంతా పోతాయి. అందుకని మీ సైటులో మామూలుగా శబ్దం తీసేసి దాచండి. ఎవరైనా కావాలంటేనే ఉంచండి, ఉంచిన వీడియోలో శబ్దం ఎంత ఉందో కదిలే గీతలా చూపించండి. బధిర తల్లిదండ్రుల వినికిడి ఉన్న పిల్లలు, కొంచెం వినపడేవాళ్లు గొంతు కూడా కలిపి వీడియోలు చేస్తారు, వాళ్ల కోసం ఆ దారి మూయకండి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన విషయం. రాతలో కామెంటు పెట్టేవాళ్లు పేరు దాచుకోవచ్చు. సంజ్ఞల్లో మాట్లాడేవాళ్లకు ఆ వీలు లేదు. ముఖం మీద మసక వేస్తే మాటే పోతుంది, ఎందుకంటే కనుబొమలు, నోరు, తల ఊపు, అన్నీ వ్యాకరణంలో భాగం. అది ప్రశ్నా, కాదా అన్నది కూడా చాలాసార్లు ముఖంలోనే ఉంటుంది. పైగా బధిరుల సమాజం చిన్నది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వినికిడి వైకల్యం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. హైదరాబాద్‌లో సంజ్ఞలతో మాట్లాడేవాళ్లకు ఒకరికొకరు బడి ద్వారానో, ఆదివారం కలిసే చోటనో తెలిసే ఉంటారు. భర్త కొడుతున్నాడని ఒక అమ్మాయి అడగాలనుకుంటే, జీతం ఇవ్వడం లేదని ఒక అబ్బాయి చెప్పాలనుకుంటే, ముఖం చూపించక తప్పదు.

కాబట్టి ఎవరు చూడొచ్చు అన్నది వీడియో పెట్టేవాళ్ల చేతిలో ఉండాలి: అందరూ, సభ్యులు మాత్రమే, నేను ఎంచుకున్నవాళ్లు మాత్రమే. ఆ మూడూ బొమ్మలతో అర్థం కావాలి. తీసేయమన్న రోజున, కారణం అడక్కుండా, జవాబుల్లో ఎంబెడ్ అయిన ముక్కలతో సహా తీసేయాలి. డౌన్‌లోడ్ బటన్ మొదట్లో వద్దు. పూర్తిగా ఆపలేమని, ఎవరైనా తెర రికార్డు చేసుకోగలరని కూడా సంజ్ఞల్లోనే నిజం చెప్పండి. మైనర్ల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. బడిపిల్లల వీడియోలతో సైటు ప్రారంభిద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి, పెద్దవాళ్లతో మొదలుపెట్టండి.

తిట్లు, బెదిరింపులు పట్టే పదాల ఫిల్టర్లు ఇక్కడ పనిచేయవు. సంజ్ఞలో తిట్టింది సంజ్ఞ తెలిసిన మనిషికే అర్థమవుతుంది. కొత్త సభ్యుల మొదటి వీడియోలను బధిర మోడరేటర్లు చూశాకే బయటికి వదలండి, నమ్మకం కుదిరాక నేరుగా వదలొచ్చు. ఇద్దరు ముగ్గురు మోడరేటర్లుంటే వారిలో ఒక మహిళ తప్పకుండా ఉండాలి. వాళ్లకు జీతమో పారితోషికమో ఇవ్వండి. రోజూ ఇతరుల గొడవలు చూసే పని సేవగా ఎక్కువకాలం సాగదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి వేదిక నడిపేవాళ్లు ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో ప్రకటించాలి. అది మీరే కావచ్చు. ఆ నిబంధనలు, వాటిలోని గడువులు మారుతుంటాయి కాబట్టి ప్రారంభించే ముందు ఒక న్యాయవాదికి చూపించండి. ఫిర్యాదు కూడా వీడియోలో చేసే వీలుండాలి. డబ్బు రెట్టింపు చేస్తాం, చిట్టీ కట్టండి అనే వీడియోలకు మొదటిరోజు నుంచే తలుపు మూసేయండి.

సర్వర్ ప్రశ్నకు వస్తాను. మొత్తం మీరే మొదటినుంచి రాయకండి. పీర్‌ట్యూబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రాన్స్‌లోని ఫ్రామాసాఫ్ట్ సంస్థ తయారుచేసింది, 2018లో మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చింది. వీడియో ఎక్కించడం, రకరకాల సైజుల్లోకి మార్చడం, చానళ్లు, సభ్యులకు మాత్రమే చూపే ఏర్పాటు, ఫిర్యాదులు, ఇవన్నీ అందులో ఉన్నాయి. లేనిది వీడియో జవాబు. దాన్ని ప్లగిన్‌గానో (తగిలించే అదనపు ముక్క), దాని ఏపీఐ (వేరే ప్రోగ్రాములు దానితో మాట్లాడే దారి) మీద మీ సొంత పేజీలుగానో కట్టుకోండి. మీరు మార్చిన కోడ్‌ను వాడేవాళ్లకు అందుబాటులో ఉంచాలని దాని లైసెన్సు షరతు, మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను. ఇతర సర్వర్లతో కలిసే ఫెడరేషన్‌ను, చూసేవాళ్ల ఫోన్ల నుంచి వీడియో పంచే పీర్ టు పీర్‌ను మొదట్లో ఆపేసి ఉంచండి. మొదటిది వీడియోలను మీ చేతిలోంచి దాటిస్తుంది, రెండోది చూసేవాళ్ల ఐపీ అడ్రసులను ఒకరికొకరికి తెలియజేస్తుంది, పైగా డేటా తింటుంది.

ఖర్చు ఇలా లెక్కవేయండి. 480పీకి సెకనుకు ఒక మెగాబిట్ అనుకుంటే నిమిషానికి 7.5 ఎంబీ. 720పీకి రెండు మెగాబిట్లు, నిమిషానికి 15 ఎంబీ. రెండూ దాచితే రెండు నిమిషాల వీడియోకు 45 ఎంబీ, వెయ్యి వీడియోలకు 45 జీబీ. దాచుకోవడం భారం కాదని తెలుస్తూనే ఉంది. చూపించడమే ఖర్చు. 500 మంది రోజుకు పదేసి వీడియోలు 480పీలో చూస్తే రోజుకు 75 జీబీ, నెలకు రెండు టెరాబైట్ల పైన బయటికి పోతుంది. కాబట్టి సర్వర్ అద్దెకు తీసుకునేటప్పుడు నెల అద్దె కన్నా ముందు డేటా బయటికి పంపడానికి ఎంత తీసుకుంటారో చూడండి. చూసే మనిషి వైపు నుంచి ఇదే లెక్క రోజుకు 150 ఎంబీ, 720పీ అయితే 300. రోజువారీ డేటా ప్యాక్ మీద బతికే కుర్రాడికి ఇది పెద్ద తేడా, అందుకే 480పీ మామూలుగా ఉండాలన్నాను. ఐఫోన్‌లో తీసిన 1080పీ ఒరిజినల్ నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ దాకా ఉంటుంది. ఎక్కించేవాళ్లకు అది ఇంకా భారం కాబట్టి ఎక్కించడం మధ్యలో ఆగితే ఆగినచోటి నుంచి కొనసాగే ఏర్పాటు ఉండాలి.

సబ్‌టైటిల్స్ తప్పనిసరి చేయొద్దు. చేస్తే వీడియో పెట్టే ప్రతివాళ్లూ మళ్లీ తెలుగు రాయాల్సి వస్తుంది, మీ తమ్ముడిని ఆపుతున్న గోడను మీరే కట్టినట్టవుతుంది. అయితే సబ్‌టైటిల్స్ అక్కర్లేదని నేననడం లేదు. సంజ్ఞలు రాని తల్లిదండ్రులు, టీచర్లు, ఉద్యోగాలిచ్చేవాళ్లు వాటితోనే లోపలికి వస్తారు. వీడియో పెట్టినవాళ్లు "దీనికి తెలుగు కావాలి" అని గుర్తు పెడితే, బధిర తల్లిదండ్రుల పిల్లలో, ఇంటర్‌ప్రెటర్లో రాసిపెడతారు. రాసింది వీడియో మనిషి ఒప్పుకున్నాకే కనపడాలి. సంజ్ఞల వ్యాకరణం వేరు కాబట్టి అది అనువాదమే, ఇంకొకరి నోటితో తన మాట తప్పుగా బయటికి పోకుండా చూసుకునే హక్కు అతనిది.

మీ మేనేజర్ గారి ఏఐ సలహా ఇప్పటికి పక్కన పెట్టండి. ఐఐటీ మద్రాస్ బృందం 2020లో ఇన్‌క్లూడ్ పేరుతో భారతీయ సంజ్ఞా భాష వీడియోల సేకరణ ఒకటి విడుదల చేసింది, విలువైన పని. అందులో ఉన్నవి విడివిడిగా చేసిన 263 పదాలు. విడి పదాన్ని గుర్తుపట్టడం వేరు, ఇద్దరు స్నేహితులు గాలిలో మనుషుల్ని, చోట్లను నిలబెట్టుకుని, వాటిని వేలితో చూపిస్తూ మాట్లాడుకునే సంభాషణను తెలుగులోకి తేవడం వేరు. సగం తప్పు అనువాదం ఆస్పత్రి విషయంలో, పోలీసు విషయంలో హాని చేస్తుంది. ఇంకో సంగతి, మీ సైటులో కొన్ని వేల వీడియోలు చేరాక వాటితో మోడల్ తయారు చేస్తామని ఎవరో ఒకరు తప్పక వస్తారు. దానికి సైటు నిబంధనల్లో ముందే ఒప్పించేసుకోవద్దు. ఆ రోజు ప్రతి మనిషినీ విడిగా, సంజ్ఞల్లో అడగాలి. డబ్బు వస్తే అది వాళ్లకు చెందాలి.

మొదట ఏ వీడియోలు పెట్టాలని మీరు అడగలేదు గానీ, ఖాళీ సైటుకు ఎవరూ రారు. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో నిఘంటువు తెచ్చి 2021 నాటికి 10,000 పదాలకు పెంచింది. ఆ పని మళ్లీ మీరు చేయనక్కర్లేదు. మీరు ఇక్కడివి పట్టుకోండి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, మెహదీపట్నం, కోఠి, ట్యాంక్‌బండ్, మీ కూకట్‌పల్లి, వీటికి హైదరాబాద్ బధిరులు ఏ సంజ్ఞలు వాడతారు, ఎందుకు ఆ సంజ్ఞ వచ్చింది? ఒక బడిలో చదివినవాళ్లది ఒకటి, ఇంకో బడివాళ్లది ఇంకొకటి ఉంటే రెండూ ఉంచండి. వరంగల్, విశాఖ, తిరుపతి వాళ్లను వాళ్ల ఊరి పేటలు చెప్పమనండి. దేన్నీ తప్పు అని గుర్తు పెట్టవద్దు. ఇలాంటి వీడియో చేయడానికి ఎవరూ సిగ్గుపడరు, చూసినవాళ్లు "మా దగ్గర ఇలా కాదు, ఇలా" అని జవాబు వీడియో పెట్టకుండా ఉండలేరు. మీ జవాబు బటన్‌కు అదే పరీక్ష.

దాంతోపాటు పెద్దవాళ్లను రికార్డు చేయండి. 1913లో అమెరికా బధిరుల జాతీయ సంఘం మాజీ అధ్యక్షుడు జార్జ్ వెడిట్జ్ సంజ్ఞా భాషను కాపాడుకోవాలని సంజ్ఞల్లోనే చేసిన ప్రసంగాన్ని మూకీ ఫిల్ముగా తీశారు. బళ్లలో సంజ్ఞల్ని నిషేధిస్తున్న కాలంలో ఆ సంఘం చందాలు పోగేసి, బాగా సంజ్ఞలు చేసేవాళ్లను వరసగా చిత్రీకరించింది. నూరేళ్లు దాటినా ఆనాటి మాట ఈనాటి మనుషులకు కనపడుతోందంటే ఆ చందాల వల్లే. మన దగ్గర మలక్‌పేట బధిరుల పాఠశాలలో చదివి రిటైరైన తరం ఉంది. వాళ్ల హాస్టల్ రోజుల్లో సంజ్ఞలు ఎలా ఉండేవో, ఏవి ఇప్పుడు వాడడం లేదో వాళ్లే చెప్పాలి. వాళ్ల వీడియోల ఒరిజినల్ ఫైళ్లు తగ్గించకుండా రెండు చోట్ల దాచండి.

సాయం కోసం మీరు దూరం పోనక్కర్లేదు. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి వైకల్యాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఇంటర్‌ప్రెటర్ల గురించి అక్కడ వాకబు చేయండి. మలక్‌పేట నల్గొండ చౌరస్తాలో రాష్ట్ర వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషను సంభాషణా సాధనాల్లో చేర్చింది, ఆ మాట గుర్తుచేస్తూ ప్రభుత్వ పథకాల వివరాలు సంజ్ఞల్లో చెప్పే వీడియోలు చేయడానికి సహకారం అడగండి. అడగడానికి మీతోపాటు మీ తమ్ముడూ వెళ్లాలి, మాట్లాడేది అతనై ఉండాలి, మీరు పక్కన ఉండాలి.

సైటు పేరు కూడా ఇప్పుడే పెట్టేయకండి. బధిరులు ఒకరికొకరు సంజ్ఞా నామాలు పెట్టుకుంటారని మీకు తెలుసు, సైటుకూ ముందు ఒక సంజ్ఞ పుట్టాలి, దాన్ని బట్టి తెలుగు పేరూ డొమైనూ చూసుకోవచ్చు. ఎవరి పేరు మీద రిజిస్టర్ చేస్తారు, మీకు వేరే ఉద్యోగం వచ్చి ఊరు మారితే పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి కూడా ఆ రోజే కాగితం మీద పెట్టుకోండి. కమిటీలో సగానికి పైగా బధిరులే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మీ తమ్ముడితో మాట్లాడాక అతని కారణం నా ఊహకు పూర్తిగా వేరైతే అతని మాటే వినండి, నేను చెప్పిన వరస మార్చేయండి. అతనికి నన్ను నేరుగా అడగాలనిపిస్తే ఉత్తరం రాయక్కర్లేదు, సంజ్ఞల్లోనే వీడియో తీసి పంపమనండి. ఇంటర్‌ప్రెటర్‌తో కూర్చుని చూసి, జవాబు కూడా సంజ్ఞల్లో చేయించి పంపుతాను.